కార్బన్ ఎక్కడిది, హైడ్రోజన్ ఎక్కడిది?

వాడేసిన నూనెలను డీజిల్‌గా, విమాన ఇంధనంగా మార్చే యూనిట్ అనుకున్న గడువుకు ముందే ఆగిందంటే, ఇంజనీర్లు మొదట అనుమానించేది రియాక్టర్ పైభాగాన్ని. తెరిచి చూస్తే కేటలిస్టు (రసాయన చర్యను వేగం చేసే పదార్థం) గుళికల సందులు గట్టి పెచ్చుతో పూడిపోయి కనిపిస్తాయి. నూనెలోని జిగురుతో వచ్చిన భాస్వరం, దానికి తోడైన కాల్షియం, సోడియం కలిసి కట్టిన పెచ్చు అది. కింద ఉన్న కేటలిస్టుకు ఇంకా చాలా సత్తువ ఉండవచ్చు. కానీ పైపొర పూడితే ప్రవాహానికి అడ్డు పెరుగుతుంది, రియాక్టర్ పైనా కిందా పీడనంలో తేడా హద్దు దాటుతుంది. ఆపడం, చల్లార్చడం, పైపొర తవ్వి తీయడం, కొత్తది పోయడం తప్పదు. ఇంత నష్టానికి కారణం నూనెలో పది లక్షల పాళ్లకు కొన్ని పదుల పాళ్లు మిగిలిన భాస్వరం.

సుస్థిర ఇంధనాల మీద చర్చ ఎక్కువగా రసాయన చర్యల చుట్టూ తిరుగుతుంది. నిజానికి వాటిలో చాలావరకు పాతవే. 1900లో పారిస్ ప్రదర్శనలో డీజిల్ ఇంజన్ వేరుశనగ నూనెతో నడిచింది. గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియాగా మార్చే కర్మాగారం 1913లో జర్మనీలోని ఒపావులో మొదలైంది. వాయువు నుంచి ద్రవ ఇంధనం తీసే పద్ధతిని ఫ్రాంజ్ ఫిషర్, హాన్స్ ట్రాప్ష్ 1920ల మధ్యలో మ్యూల్‌హైమ్‌లో కనుక్కున్నారు. రియాక్టర్‌లో ఏం జరుగుతుందో వందేళ్లుగా తెలుసు. ప్లాంట్లు చతికిలబడేది అంతకు ముందే, ముడిసరుకు గేటు దాటి లోపలికి వచ్చి శుభ్రపడే చోట.

పెట్రోలియం పని తేలిక. డీజిల్ బరువులో సుమారు 86 శాతం కార్బన్, 14 శాతం హైడ్రోజన్, ఆక్సిజన్ ఉండదు. ఎండిన కలపలో కార్బన్ 50, హైడ్రోజన్ 6, ఆక్సిజన్ 43 శాతం దాకా ఉంటాయి. అంటే మొక్కల నుంచి ఇంధనం చేయడమంటే ముఖ్యంగా ఆక్సిజన్‌ను వదిలించుకోవడమే. అది బయటికి పోవడానికి ముఖ్యంగా రెండు దారులు. నీరుగా పోతే వెంట హైడ్రోజన్‌ను తీసుకుపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌గా పోతే కార్బన్‌ను తీసుకుపోతుంది. హైడ్రోజన్ కొనాలి, కార్బన్ పోగొట్టుకోవాలి, లేదా రెండూ కొంచెం కొంచెం. ఏ పద్ధతి ఎంత గొప్పదని చెప్పినా ఈ లెక్కలోంచి తప్పించుకోలేదు.

ఇంత కష్టపడి ద్రవ ఇంధనమే ఎందుకంటే బరువు కోసం. విమాన ఇంధనంలో కిలోకు 43 మెగాజౌళ్లు ఉంటే, లిథియం బ్యాటరీ ప్యాక్‌లో ఒకటి కూడా ఉండదు. కారుకూ సిటీ బస్సుకూ బ్యాటరీ సరిపోతుంది. సముద్రాలు దాటే విమానానికీ ఓడకూ సరిపోదు.

నూనె దారి

నూనెలు, కొవ్వులు ఈ పనికి అన్నిటికంటే అనువైనవి. వాటిలో ఆక్సిజన్ బరువులో 11 శాతమే. అణువు పొడవు కూడా డీజిల్‌కు దగ్గర. అందుకే ఇప్పటివరకు తయారైన సుస్థిర విమాన ఇంధనంలో అత్యధిక భాగం ఈ దారిన వచ్చిందే.

ఇందులో చిన్న స్థాయిలోనూ చేయగలిగేది బయోడీజిల్. లెక్క ప్రకారం 100 కిలోల నూనెకు 11 కిలోల మెథనాల్ పడుతుంది. 100 కిలోల బయోడీజిల్, 10 కిలోల పైచిలుకు గ్లిజరిన్ వస్తాయి. చర్య వెనక్కి మళ్లకుండా ఉండాలని మెథనాల్‌ను రెట్టింపు, అంటే 22 కిలోల దాకా పోస్తారు, మిగిలినదాన్ని ఆవిరిగా తిరిగి పట్టుకుంటారు. కేటలిస్టుగా కాస్టిక్ సోడా గానీ సోడియం మెథాక్సైడ్ గానీ నూనె బరువులో అర శాతం నుంచి ఒక శాతం. వేడి 60 డిగ్రీలు దాటనివ్వరు, ఎందుకంటే మెథనాల్ 65 దగ్గర మరుగుతుంది. గంటసేపు గట్టిగా కలిపితే చర్య ముగుస్తుంది, గ్లిజరిన్ అడుగుకు దిగుతుంది.

చెడేది ఎక్కడంటే నూనె తడిగా ఉన్నా, పుల్లబడినా. పలుమార్లు కాగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పేరుకుంటాయి. అవి కాస్టిక్‌తో కలిసి సబ్బు అవుతాయి. అది ఎంతో తెలుసుకోవడానికి టైట్రేషన్ చేస్తారు. ఒక మిల్లీలీటరు నూనెను 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కలిపి, ఫినాఫ్తలీన్ అనే రంగు సూచిక చుక్కలు వేసి, లీటరు నీటికి ఒక గ్రాము కాస్టిక్ కరిగించిన ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతారు. గులాబీ రంగు పదిహేను సెకన్లు నిలిచేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో, లీటరు నూనెకు అన్ని గ్రాముల కాస్టిక్ అదనంగా వేయాలి. తాజా నూనెకు ఎలాగూ పట్టే 3.5 గ్రాములకు ఇది కలుస్తుంది. 3 మిల్లీలీటర్లు పట్టిందంటే కొవ్వు ఆమ్లాలు 2.3 శాతం దగ్గర ఉన్నట్టు. 5 మిల్లీలీటర్లు దాటితే కాస్టిక్ పెంచుకుంటూ పోవడం తెలివైన పని కాదు. వేసిన ప్రతి గ్రామూ సబ్బుగా మారి, కడిగే దశలో నీరూ బయోడీజిలూ మజ్జిగలా కలిసిపోయి గంటలు గడిచినా విడిపోవు. అలాంటి నూనెను ముందు ఒకటి రెండు శాతం సల్ఫ్యూరిక్ ఆమ్లంతో, మెథనాల్‌తో వేడి చేసి ఆ ఆమ్లాలనే ఎస్టర్లుగా, అంటే బయోడీజిల్‌గా మార్చాలి. ఆ చర్యలో నీరు పుడుతుంది, దాన్ని తీసేశాకే కాస్టిక్ దశ.

చర్య పూర్తయిందో లేదో చూడటానికి ఒక చవకైన పరీక్ష ఉంది. 27 మిల్లీలీటర్ల మెథనాల్‌లో 3 మిల్లీలీటర్ల బయోడీజిల్ పోసి, గది వేడిలో కదిపి, పది నిమిషాలు ఉంచాలి. బయోడీజిల్ మెథనాల్‌లో కరుగుతుంది, మారని నూనె కరగదు. అడుగున చుక్కలు చేరితే చర్య సగంలో ఆగినట్టే. యూరప్ ప్రమాణం ఈఎన్ 14214 అడిగేది ఇంకా కఠినం. ఎస్టర్లు 96.5 శాతానికి తగ్గకూడదు, మొత్తం గ్లిజరిన్ 0.25 శాతం, మెథనాల్ 0.20 శాతం మించకూడదు, నీరు కిలోకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. చిన్న యూనిట్లు తరచూ తప్పేది ఎస్టర్ల దగ్గర కాదు, మెథనాల్ దగ్గర. అది కొంచెం మిగిలినా ఇంధనం అంటుకునే ఉష్ణోగ్రత బాగా పడిపోతుంది. పైగా మెథనాల్ మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. సరైన గాలి, నిప్పురవ్వ రాని మోటార్లు లేని షెడ్డులో ఈ పని పెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం.

బయోడీజిల్‌లో ఆక్సిజన్ అలాగే మిగిలిపోతుంది. అందుకే అది నీటిని పట్టుకుంటుంది, నిల్వలో పాడవుతుంది, చలికి పేరుకుంటుంది. పాత ట్యాంకు గోడల మడ్డిని కరిగించి ఫిల్టర్లలోకి తెస్తుంది కూడా. మొదటి కొన్ని ట్యాంకులకు ఫిల్టర్ త్వరగా మూసుకుపోతే తప్పు ఇంధనానిదని అనుకోవడం పొరపాటు.

ఆక్సిజన్‌ను పూర్తిగా తీసేసే పద్ధతి హైడ్రోజన్ శుద్ధి. 300 నుంచి 400 డిగ్రీల వేడిలో, 50 నుంచి 100 బార్ల పీడనంలో నికెల్–మాలిబ్డినం కేటలిస్టు మీద నూనెనూ హైడ్రోజన్‌నూ కలిపి పంపుతారు. ఆక్సిజన్ లెక్క ఇక్కడ అద్దంలా కనిపిస్తుంది. ట్రైఓలీన్ అనే సాదా కొవ్వు 100 కిలోలు తీసుకుంటే, ఆక్సిజన్‌నంతా నీరుగా పంపడానికి 3.4 కిలోల హైడ్రోజన్ కావాలి, 86 కిలోల డీజిల్ శ్రేణి ఇంధనం, 5 కిలోల ప్రొపేన్, 12 కిలోల నీరు వస్తాయి. అదే కార్బన్ డయాక్సైడ్‌గా పంపితే 1.4 కిలోల హైడ్రోజన్ చాలు, కానీ ఇంధనం 81.5 కిలోలకు తగ్గి, 15 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది. అసలు రియాక్టర్ ఈ రెంటి మధ్య ఎక్కడో నడుస్తుంది. హైడ్రోజన్‌ను సహజవాయువు నుంచి తీస్తే కిలోకు 9–10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది కాబట్టి, ఈ రెండు కిలోల తేడా ఇంధనం పచ్చదనాన్ని నేరుగా కోస్తుంది.

మంచి ప్లాంట్లలో సగం తెలివి రియాక్టర్ ముందే ఖర్చవుతుంది. ఫాస్ఫారిక్ లేదా సిట్రిక్ ఆమ్లం, నీరు కలిపి జిగురు తీయడం, బ్లీచింగ్ మట్టితో లోహాలు పట్టడం, ఫిల్టర్ చేయడం అనే వరుసలో భాస్వరాన్ని రెండు మూడు పీపీఎంకు (పది లక్షల పాళ్లలో రెండు మూడు పాళ్లకు) దించుతారు. జంతువుల కొవ్వులో మరో చిక్కు పాలిథీన్. ప్యాకింగు ముక్కలు వేడి కొవ్వులో కరిగిపోయి, వేడిగా ఫిల్టర్ చేస్తే జల్లెడ దాటిపోతాయి, తర్వాత వేడి మార్పిడి చేసే ఎక్స్ఛేంజర్ల చల్లటి గొట్టాల్లో పొరగా పేరుకుంటాయి. అందుకే కొవ్వును కాస్త చల్లార్చి, పాలిథీన్ విడిపడ్డాకే ఫిల్టర్ చేయాలి. క్లోరైడ్లది ఇంకో తలనొప్పి. రియాక్టర్‌లో అవి హైడ్రోక్లోరిక్ ఆమ్లంగా మారి, అమ్మోనియాతో కలిసి చల్లటి చోట ఉప్పుగా దిగుతాయి, ఆ ఉప్పు కింద స్టీలు తినేయబడుతుంది.

కొత్తవాళ్లకు వింతగా అనిపించే సంగతి ఒకటుంది. గంధకాన్ని శత్రువుగా చూసే ఈ పరిశ్రమలో, మొదటి రియాక్టర్‌లోకి గంధకాన్ని డబ్బు పెట్టి కొని పోస్తారు. నికెల్–మాలిబ్డినం సల్ఫైడు రూపంలోనే పనిచేస్తుంది. పెట్రోలియంలో గంధకం ఎలాగూ ఉంటుంది, వంటనూనెలో ఉండదు. డైమిథైల్ డైసల్ఫైడ్ లాంటిది చుక్కగా కలపకపోతే కేటలిస్టు క్రమంగా నీరసిస్తుంది. తర్వాతి రియాక్టర్‌లో ఉండేది ప్లాటినం. దానికి అదే గంధకం విషం. మధ్యలో ఆ గంధకం నుంచి పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పూర్తిగా ఊడ్చేయాలి.

ఆ రెండో రియాక్టర్ ఎందుకంటే, మొదటిదానిలోంచి వచ్చే ఆక్టాడెకేన్ 28 డిగ్రీలకే గడ్డకడుతుంది. మైనం లాంటి ఆ నిటారు గొలుసులకు కొమ్మలు తొడిగితేనే చలిని తట్టుకుంటాయి. మామూలు విమాన ఇంధనం జెట్ ఏ-1కు గడ్డకట్టే హద్దు సున్నాకు 47 డిగ్రీలు దిగువ. అంతవరకు దించాలంటే గొలుసులను కొంత విరవాలి కూడా. విరిచిన కొద్దీ పెట్రోలు తరహా తేలికైన నాఫ్తా పెరిగి, జెట్ దిగుబడి పడిపోతుంది. అదే నూనె నుంచి డీజిల్ తీస్తే ఎక్కువ, విమాన ఇంధనం తీస్తే తక్కువ వస్తుంది.

ఇంత శుభ్రమైన ఇంధనాన్నీ విమానంలో నేరుగా పోయరు. ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం పెట్టిన డీ7566 ప్రమాణం దీన్ని సగానికి మించి కలపనివ్వదు. ఒక కారణం ఆరోమాటిక్స్ (కార్బన్ పరమాణువులు వలయంగా ఉండే హైడ్రోకార్బన్లు) లేకపోవడం. పాత ఇంధన వ్యవస్థల్లోని నైట్రైల్ రబ్బరు సీళ్లు ఆరోమాటిక్స్ తగిలి ఉబ్బి బిగుస్తాయి. అవి లేకపోతే ముడుచుకుని కారుతాయి. అందుకే మిశ్రమంలో కనీసం 8 శాతం ఆరోమాటిక్స్ అడుగుతారు. 2023 నవంబరు 28న లండన్ నుంచి న్యూయార్క్‌కు పూర్తిగా సుస్థిర ఇంధనంతో ప్రయోగాత్మకంగా ఎగిరిన వర్జిన్ అట్లాంటిక్ విమానంలో 88 శాతం కొవ్వుల నుంచి తీసిన కిరోసిన్, 12 శాతం మొక్కల చక్కెరల నుంచి చేసిన ఆరోమాటిక్ కిరోసిన్ కలిపారు.

గడ్డి, కలప, పేడ

నూనె దారికి ఉన్న హద్దు వాడేసిన నూనె ఎంత దొరుకుతుందన్నదే. ఆ హద్దు దగ్గర్లోనే ఉంది. అందుకే అందరి చూపూ పంట వ్యర్థాల మీద, కలప మీద.

చక్కెర నుంచి ఇథనాల్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 100 కిలోల గ్లూకోజ్ నుంచి గరిష్ఠంగా 51 కిలోల ఇథనాల్, 49 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఈస్టు ఆక్సిజన్‌ను వదిలించుకునే పద్ధతే అది. ఆ కార్బన్ డయాక్సైడ్ దాదాపు శుద్ధంగా బయటికొస్తుందన్న సంగతి తర్వాత పనికొస్తుంది. ఇథనాల్‌ను విమాన ఇంధనంగా మార్చాలంటే ముందు నీరు తీసి ఎథిలీన్ చేయాలి. అక్కడే బరువు 61 శాతానికి పడిపోతుంది.

గడ్డి సంగతి వేరు. అందులో సెల్యులోజ్ ఉంది, హెమిసెల్యులోజ్ ఉంది, రెంటినీ పట్టి ఉంచే లిగ్నిన్ ఉంది. 180 నుంచి 220 డిగ్రీల ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉడికించి, పీడనాన్ని హఠాత్తుగా వదిలితే పోగులు పగులుతాయి, ఎంజైములు సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొడతాయి. ఉడుకు తక్కువైతే చక్కెర రాదు. ఎక్కువైతే చక్కెరే మాడి ఫర్‌ఫ్యూరాల్ అవుతుంది, ఈస్టు దాన్ని తట్టుకోలేదు. పైగా హెమిసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్‌ను మామూలు ఈస్టు ముట్టదు. దానికి ప్రత్యేకంగా మార్చిన ఈస్టు కావాలి.

ఇవన్నీ ప్రయోగశాలలో కుదిరాయి. కర్మాగారంలో దెబ్బతీసింది మట్టి, రాళ్లు. పొలంలో కట్టిన గడ్డిమోపుతో మన్నూ గులకరాళ్లూ వస్తాయి. వరిగడ్డిలో సొంత సిలికాయే చాలా ఉంటుంది. పీడనం ఉన్న పాత్రలోకి గడ్డిని కూరే మర స్క్రూకు ఇది గరుకు కాగితంతో సమానం. అంచులు అరిగి, పీడనం వెనక్కి తన్ని, లైన్ ఆగుతుంది. అందుకే కోత పట్టీ ఎత్తు, మోపు కట్టే రోజు తడి, రాయి పట్టే ఉచ్చు, అయస్కాంతం, జల్లెడ అనే చిన్న విషయాలు కేటలిస్టు కంటే ఎక్కువగా ప్లాంటు భవితవ్యాన్ని తేలుస్తాయి. మోపులో తడి 20 శాతం దాటితే నిల్వలో సూక్ష్మజీవులు పెరిగి లోపల వేడెక్కుతుంది. పెద్ద కుప్పలు తమంతట తామే అంటుకుంటాయి.

దూరం లెక్క కూడా ఉంది. ప్లాంటు పెద్దదైతే టన్నుకు ఖర్చు తగ్గుతుందన్నది శుద్ధి కర్మాగారాల సూత్రం. గడ్డి విషయంలో సామర్థ్యం రెట్టింపు చేస్తే సేకరించే విస్తీర్ణం రెట్టింపవుతుంది, సగటు దూరం 41 శాతం పెరుగుతుంది. మోపుగా కట్టినా గడ్డి ఘనపు మీటరుకు 150 కిలోల దగ్గరే తూగుతుంది. లారీ బరువుతో కాక చోటుతో నిండుతుంది.

కలపను వాయువుగా మార్చి, ఫిషర్–ట్రాప్ష్ పద్ధతిలో ద్రవం చేయడం కాగితం మీద అందంగా ఉంటుంది. 800 డిగ్రీలకు పైన కొద్దిపాటి ఆక్సిజన్‌తో కలపను వాయువు చేస్తే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. కోబాల్ట్ కేటలిస్టు మీద 200 నుంచి 240 డిగ్రీల్లో అవి గొలుసులుగా అల్లుకుంటాయి. ఆ అల్లికకు ఒక పాలు కార్బన్ మోనాక్సైడ్‌కు రెండు పాళ్లకు కాస్త మించి హైడ్రోజన్ కావాలి. కలప వాయువులో ఒక పాలు ఉండటమే కష్టం. కొరత తీర్చడానికి కార్బన్ మోనాక్సైడ్‌లో కొంత నీటి ఆవిరితో చర్య జరిపి హైడ్రోజన్‌గా మార్చుకుంటారు, ఆ భాగం కార్బన్ కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది. చివరికి కలపలోని కార్బన్‌లో మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతులే ఇంధనంలో మిగులుతుంది. బయటి నుంచి హైడ్రోజన్ కలిపితే ఈ వాటా బాగా పెరుగుతుంది. రాబోయే ప్లాంట్లకు ఇదే దారి అనిపిస్తుంది.

ఇక్కడా శత్రువు గేటు దగ్గరే. వాయువులో తారు ఉంటుంది, చల్లారగానే గొట్టాల్లో జిగురులా పేరుకుంటుంది. గడ్డి బూడిదలోని పొటాషియం సిలికాతో కలిసి 800 డిగ్రీల లోపే మెత్తబడి, వాయువు చేసే పాత్రలోని ఇసుక పడకను ముద్దలుగా కట్టి పడేస్తుంది. కోబాల్ట్ గంధకాన్ని వంద కోట్ల పాళ్లలో కొన్ని పదుల పాళ్లకు మించి ఓర్చదు. ఇంత శుభ్రం చేసే పరికరాల ఖర్చు అసలు రియాక్టర్ ఖర్చును మించిపోయే సందర్భాలు ఎక్కువ.

పేడ, తడి వ్యర్థాలకు వాయువే మేలు. 35–40 డిగ్రీల్లో గాలి తగలకుండా కుళ్లబెడితే మీథేన్ 50–65 శాతం ఉన్న బయోగ్యాస్ వస్తుంది. ఇక్కడ తప్పు సాధారణంగా ఆశ వల్ల జరుగుతుంది. గ్యాస్ బాగా వస్తోందని మేత ఒక్కసారిగా పెంచుతారు. ఆమ్లాలు చేసే బ్యాక్టీరియా త్వరగా పెరుగుతుంది, ఆ ఆమ్లాలను తిని మీథేన్ చేసే జీవులు నిదానం. ట్యాంకు పులుస్తుంది. పీహెచ్ పడిపోయాక చూసుకుంటే ఆలస్యమైనట్టే. ముందుగా పట్టిచ్చేది ఆమ్లాలకూ క్షారతకూ ఉన్న నిష్పత్తి. అది 0.3 దగ్గర ఉంటే నిశ్చింత, 0.4 దాటి పైకి పోతుంటే మేత తగ్గించాలి, కొన్నాళ్లు ఆపాలి.

మీథేన్ కారితే మాత్రం చేసిన పనంతా ఎదురు తిరుగుతుంది. వందేళ్ల లెక్కలో బరువుకు బరువు అది కార్బన్ డయాక్సైడ్ కంటే 27 రెట్లకు పైగా వేడి చేస్తుంది. తయారైనదానిలో 3 శాతం కారినా, సహజవాయువును తప్పించి సాధించిన మేలులో సుమారు 30 శాతం ఆవిరైపోతుంది. కారే చోట్లు మూత లేని స్లర్రీ ట్యాంకు, పీడన వాల్వు, శుద్ధి యూనిట్ వదిలే వాయువు.

కరెంటుతో ఇంధనం

మూడో దారిలో హైడ్రోజన్ నీటి నుంచి, కార్బన్ పొగ గొట్టం నుంచో గాలి నుంచో వస్తాయి. ఇక్కడ కార్బన్ డయాక్సైడ్‌లోని ఆక్సిజన్ అంతా నీరుగానే పోవాలి. కాబట్టి హైడ్రోజన్ ఖర్చు అత్యధికం. కిలో మెథనాల్‌కు 1.38 కిలోల కార్బన్ డయాక్సైడ్, 0.19 కిలోల హైడ్రోజన్ పడతాయి. నీటిని కరెంటుతో విడగొట్టే ఎలక్ట్రోలైజర్‌లో కిలో హైడ్రోజన్‌కు 50–55 యూనిట్ల కరెంటు. అంటే 10 యూనిట్లు హైడ్రోజన్‌కే పోతాయి, చేతికొచ్చిన మెథనాల్‌లో ఉండేది 5.5 యూనిట్ల శక్తి. కిలో కిరోసిన్‌కైతే 3.1 కిలోల కార్బన్ డయాక్సైడ్, 0.43 కిలోల హైడ్రోజన్, దాదాపు 22 యూనిట్లు, దక్కేది 12. అవే 22 యూనిట్లను కారు బ్యాటరీలో నింపితే ముప్పావు వంతు చక్రాలకు చేరుతుంది. కార్లకు ఈ ఇంధనం పోయడం దుబారా అనడానికి వేరే వాదన అక్కర్లేదు.

ఆ కరెంటు ఎక్కడిదన్నది అసలు ప్రశ్న. యూనిట్‌కు 0.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలే బొగ్గు కరెంటుతో కిలో హైడ్రోజన్ తీస్తే 40 కిలోలకు పైగా పడుతుంది, సహజవాయువు హైడ్రోజన్‌కు నాలుగు రెట్లు. అందుకే యూరప్ నిబంధనలు 2030 నుంచి హైడ్రోజన్ తీసిన గంటలోనే పుట్టిన పునరుత్పాదక కరెంటు చూపించమంటున్నాయి. ఈ నిబంధనకు ప్లాంటులో అర్థం ఒకటే. ఎండ తగ్గితే ఎలక్ట్రోలైజర్ తగ్గాలి. క్షార ఎలక్ట్రోలైజర్ భారం బాగా పడిపోతే హైడ్రోజన్ పొరను దాటి ఆక్సిజన్ వైపు చేరడం ఎక్కువవుతుంది. ఆక్సిజన్‌లో 2 శాతం కనిపించగానే రక్షణ వ్యవస్థ యంత్రాన్ని ఆపేస్తుంది, ఎందుకంటే 4 శాతం దగ్గర అది మండే మిశ్రమం. అవతల మెథనాల్ రియాక్టర్‌కు నిలకడ కావాలి. రెంటి మధ్య హైడ్రోజన్ నిల్వ ట్యాంకులు పెట్టాలి, వాటి పరిమాణం సరిగ్గా లెక్కేయకపోతే ప్రాజెక్టు ఖర్చు కొంప ముంచుతుంది.

కార్బన్‌ను గాలిలోంచి పట్టడం ఎంత శ్రమో ఒక అంకె చాలు. ఘనపు మీటరు గాలిలో ఉండే కార్బన్ డయాక్సైడ్ ముప్పావు గ్రాము. టన్ను కావాలంటే ఒక్క అణువూ జారిపోకుండా పట్టినా 13 లక్షల ఘనపు మీటర్ల గాలిని వడకట్టాలి. ఇథనాల్ తొట్టి పైన అదే వాయువు దాదాపు శుద్ధంగా పొంగుతుంటే గాలి దగ్గరికి పోవడం తొందరపాటు. ఐస్‌లాండ్‌లో 2012లో మొదలైన జార్జ్ ఒలా ప్లాంటు భూతాప విద్యుత్ కేంద్రం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను వాడుకుంది, ఏడాదికి 4,000 టన్నుల మెథనాల్ సామర్థ్యంతో. చిలీలో పుంటా అరీనాస్ దగ్గర 2022 డిసెంబరులో మొదలైన హారు ఓని పైలట్ ప్లాంటు సామర్థ్యం ఏటా లక్షా 30 వేల లీటర్ల పెట్రోలు. నిరంతరం వీచే గాలి కోసమే అంత దూరం వెళ్లారు.

ఓడలకు అమ్మోనియా వాదన కార్బన్ గొడవే లేదన్నది. టన్నుకు 178 కిలోల హైడ్రోజన్ చాలు. కానీ అది మండడానికి మొరాయిస్తుంది, మంట వేగం మీథేన్‌లో ఐదో వంతు. వెలిగించడానికి వేరే ఇంధనం కావాలి. పొగలో నైట్రస్ ఆక్సైడ్ కొంచెం మిగిలినా దాని వేడి ప్రభావం కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు. గాలిలో 300 పీపీఎం చేరితే సిబ్బంది ప్రాణాలకు ముప్పు. సరుకు ఓడలు ముందుగా మెథనాల్ వైపు మొగ్గడం అర్థం చేసుకోదగిందే. దాన్ని మామూలు ట్యాంకులో ద్రవంగానే ఉంచవచ్చు, కాకపోతే అదే దూరానికి ట్యాంకు రెట్టింపుకు మించి పెద్దదవ్వాలి.

బట్టీలు, కొలుములు

పరిశ్రమలో ఇంధనం అంటే వేడి మాత్రమే అనుకుంటే లెక్క తప్పుతుంది. సిమెంటు బట్టీలో 1,450 డిగ్రీలు కావాలి, దాన్ని ఊకతోనో చెత్త ఇంధనంతోనో తేవచ్చు. అయితే సిమెంటు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు 60 శాతం సున్నపురాయి విచ్ఛిన్నం వల్ల వచ్చేదే. ఇంధనం ఎంత పచ్చగా ఉన్నా అది పోదు. ఉక్కు కొలిమిలో కోక్ (బొగ్గును కాల్చి చేసే గట్టి ఇంధనం) వేడి ఇవ్వడమే కాక పైన పడే ఖనిజం బరువు మోస్తూ వాయువు పోవడానికి దారి ఉంచుతుంది. కర్రబొగ్గు మెత్తన, బరువుకు నలుగుతుంది. బ్రెజిల్‌లో కర్రబొగ్గుతో నడిచే బ్లాస్ట్ ఫర్నేసులు చిన్నవిగా ఉండటానికి కారణం అదే.

సహజవాయువు లైన్లో 20 శాతం హైడ్రోజన్ కలిపామన్న ప్రకటన కనిపిస్తే ఒక్క క్షణం ఆగాలి. అది ఘనపరిమాణం లెక్క. హైడ్రోజన్ ఘనపు మీటరుకు 10.8 మెగాజౌళ్లు, మీథేన్‌కు 35.8. శక్తిలో ఆ వాటా 7 శాతమే, ఉద్గారాల తగ్గుదలా అంతే. హైడ్రోజన్ మంట పాలిపోయి ఉంటుంది, వేడిని కాంతిగా తక్కువ వెదజల్లుతుంది. గాజు కొలిమి లాంటి చోట్ల బర్నర్ మార్చి, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరగకుండా మంటను సర్దుకోవాలి. గడ్డి మండించే బాయిలర్లలో పొటాషియం, క్లోరిన్ ఆవిరిని మరింత వేడెక్కించే సూపర్‌హీటర్ గొట్టాలను తింటాయి. అందుకే ఆవిరి ఉష్ణోగ్రతను బొగ్గు బాయిలర్ల కంటే తక్కువలో ఉంచుతారు, దక్షత ఆ మేరకు తగ్గుతుంది.

కాగితం లెక్క

యూరప్ ఎయిర్‌పోర్టుల్లో సుస్థిర ఇంధనం వాటా 2025లో 2 శాతం, 2030లో 6, 2050లో 70 శాతం ఉండాలని చట్టం చేశారు. గిరాకీ ఖాయమైంది కాబట్టి కల్తీకీ ఆశ పుట్టింది. ఇంధనంలో శిలాజ కార్బన్ కలిసిందో లేదో కార్బన్-14 పరీక్ష చెబుతుంది, అది మొక్కల కార్బన్‌లో కొద్దిగా ఉండి కాలంతో తరిగిపోయే ఐసోటోప్. ఆ ఐసోటోప్ అర్ధాయువు 5,730 ఏళ్లు. భూమి కింద కోట్ల ఏళ్లున్న చమురులో అది మిగలదు. పాత శుద్ధి కర్మాగారంలో ముడిచమురుతో కలిపి నూనె నడిపినప్పుడు, ఏ ఉత్పత్తిలో నూనె వాటా ఎంత చేరిందో ఈ పరీక్షతోనే తేలుస్తారు.

అయితే వాడేసిన నూనెకు రాయితీ ఉండి, తాజా పామాయిల్‌కు లేనప్పుడు, తాజాదానికే పాతదని చీటీ అంటించడం లాభసాటి. కార్బన్-14 రెంటిలోనూ ఒకటే. కాస్త కాచి, కొంచెం పాత నూనె కలిపితే ఆమ్లాల అంకె కూడా సరిపోతుంది. ఇక తనిఖీ చేసేవారికి మిగిలేది సేకరణ రసీదులు. ఆ ప్రాంతంలోని వంటశాలలు నెలకు ఎంత నూనె కొంటాయో, అందులో ఎంత వ్యర్థంగా మిగలగలదో, ట్యాంకరు ఎన్నిసార్లు తిరిగిందో పక్కపక్కన పెట్టి చూస్తారు. కొన్న నూనె కంటే పారేసిన నూనె ఎక్కువ తేలితే ఆ సరుకును వెనక్కి పంపుతారు.